సముద్రానికి యజమాని ఎవరు?

పొరుగు రాజు పగవాడు, అతడికి అవతలి రాజు మిత్రుడు అన్న లెక్క మీద కౌటిల్యుడి రాజమండల సిద్ధాంతం నిలబడింది. ఈ లెక్కకు గట్టు కావాలి. కాగజ్‌నగర్‌కు తూర్పున పారే ప్రాణహిత అలాంటి గట్టే: ఈ ఒడ్డు తెలంగాణ, ఆ ఒడ్డు మహారాష్ట్ర. అదే నీరు కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసి బంగాళాఖాతం చేరాక ఏ ఒడ్డుదో ఎవరూ చెప్పలేరు. సముద్రం మీద ఓడ ఉన్న ప్రతివాడూ పొరుగువాడే. అక్కడ ధర్మం ఏది, హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు తెలుగు తీరం రెండు జవాబులు చూసింది.

ధర్మసూత్రాలు ఈ విషయంలో సాయపడవు. బౌధాయనుడు సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ణి చేసే పనుల్లో చేర్చాడు. ఓడెక్కినవాడే తప్పు చేసినవాడైతే, అతడి సొత్తు కాపాడే బాధ్యత రాజుకు ఎక్కడిది?

ఓరుగల్లు కాకతీయుడు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఈ చిక్కును పక్కకు నెట్టింది. గాలివానకు పగిలిన ఓడలు, దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలు అక్కడి రాజులకు దక్కేవి. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏవున్నా పట్టుకునేవారు. గణపతిదేవుడు ఆ హక్కు వదులుకున్నాడు. నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. కర్పూరం, చందనం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, పట్టు వంటి సరుకులకు సుంకాలు రాతిపై చెక్కించాడు. ఇంగ్లండులో పగిలిన ఓడ సొత్తు రాజుకు చెందడంపై 1275లో వచ్చిన చట్టం ఇంతకంటే పిసినారిది. మనిషో కుక్కో పిల్లో ప్రాణాలతో బయటపడితేనే ఆ ఓడను పగిలిన ఓడగా లెక్కించకూడదంది.

ఈ అభయం దయా, వ్యాపారమా? శాసనం కీర్తినీ పుణ్యాన్నీ చెబుతుంది. సుంకాల పట్టిక ఖజానాను చెబుతుంది. భయం పోతేనే ఓడ వస్తుంది, ఓడ వస్తేనే సుంకం వస్తుంది. లాభం కలిసినంత మాత్రాన ధర్మం పలచనవుతుందన్నది మఠాల్లో కూర్చుని చేసే వాదన. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుడికి రాజు మనసులో ఏముందన్నది అక్కర్లేదు, మూటలు తిరిగి చేతికొచ్చాయా లేదా అన్నదే కావాలి. గణపతిదేవుడు సముద్రం తనదనలేదు. తన ఒడ్డున తానేం చెయ్యడో చెప్పాడు. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి అదే రేవులో మళ్లీ వర్తకులకు అభయమిచ్చాడు.

రెండో జవాబు గోల్కొండ సుల్తానుల కాలంలో బందరుకు వచ్చింది. ఉత్తర సముద్రానికి చెరో ఒడ్డున ఎదుగుతున్న రెండు దేశాల కంపెనీలు, డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఒకే ఊళ్లో గిడ్డంగులు పెట్టుకున్నారు. సముద్రం గాలిలాంటిది, ఎవరి సొత్తూ కాదని డచ్చి న్యాయవేత్త గ్రోషియస్ 1609లో పుస్తకం అచ్చువేశాడు. అది పోర్చుగీసువారి మీద గురిపెట్టిన వాదం. 1613లో అతడే లండన్ వెళ్లి, సుగంధద్రవ్యాల దీవుల్లో తమవాళ్లు చేసుకున్న ఒప్పందాల వల్ల ఇంగ్లీషువారికి అక్కడ చోటు లేదని వాదించాడు. ఇంగ్లీషువారి తరఫున వారి న్యాయవేత్త సెల్డెన్ 1635లో సముద్రానికి యజమాని ఉండొచ్చని పుస్తకం వేశాడు. బలం తక్కువున్నప్పుడు స్వేచ్ఛ, చేతికి అందాక హక్కు. 1673లో బందరు దగ్గరి సముద్రంలో డచ్చి ఓడలు ఇంగ్లీషు ఓడలను ఓడించాయి. రేవు సుల్తానుదే గానీ, ఆ పోరు ఆపే నౌకాదళం ఆయనకు లేదు.

1982 ఐక్యరాజ్య సమితి ఒప్పందం తీరానికి 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు, 200 మైళ్ల ఆర్థిక మండలం అని గీతలు గీసింది. భారత్, చైనా రెండూ ఒప్పుకున్నాయి. 2017లో శ్రీలంకలోని హంబన్‌తోట రేవు 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీ చేతికి వెళ్లింది. భారత తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉంది. కౌటిల్యుడి లెక్క నీళ్లమీదికి దిగింది, ఈసారి గట్టు లేకుండానే.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లు నేటికీ ఉన్నాయి. కంపెనీలు రెండూ లేవు.