అటక మీద ఉడుతలు, మండువాలో అమ్మ



క్రిస్మసుకు సున్నాలు వేసే రోజులు వచ్చాయంటే కొవ్వూరులో పాత పెంకుటిళ్ల అటకలు తెరుచుకుంటాయి. పశువులపాక బొమ్మలు, నక్షత్రం అక్కడే కదా ఉండేది! 1986 ఆగస్టు వరదకు పైకెక్కించి, మళ్లీ దించని సామాను కూడా కొన్ని ఇళ్లలో ఉంది. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో చేతికందినదల్లా అటకెక్కింది. ఇత్తడి గుండిగలు, పరుపులు, పెళ్లి ఫొటోలు, జ్ఞానస్నాన పత్రాలు. నీరు తీసింది, సామాను దిగలేదు. ఉడుతలకు ఇంకేం కావాలి? పరుపులో దూది, పెరట్లో కొబ్బరి పీచు, చూరు దగ్గర జారిన ఒక పెంకు చాలు.

ఉడుత ముందుపళ్లు అది బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అందుకని ఏదో ఒకటి కొరకక తప్పదు. కరెంటు తీగ తొడుగు కొరికిందంటే పాత వాసాల ఇంటికి నిప్పు ప్రమాదమే. కనుక అటక దులపవద్దని ఏ గురువూ చెప్పడు.

మా విచారణలో ఒక ఇంట ఇదే పని మొదలైంది. పేరు చెప్పను, వారి అనుమతితోనే రాస్తున్నాను. పాత పరుపు కదిపేసరికి గూటిలో కళ్లు తెరవని ముగ్గురు పిల్లలు కనిపించాయి. తల్లి బయటికి పోయింది. ఇప్పుడే సిమెంటుతో కన్నం మూసేద్దామని ఒకరు, ఎలుకల మందు పెడదామని ఒకరు. అలా మూస్తే పిల్లలు లోపలే చచ్చి కుళ్లుతాయి, తల్లి మరోచోట పెంకు లేపుతుంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తీసి చదవండి. పక్షిగూడు కనబడితే పిల్లలతోపాటు తల్లిని పట్టుకోరాదని 6, 7 వచనాలు చెబుతాయి. ఆ వెంటనే 8వ వచనం, కొత్త ఇల్లు కట్టినవాడు ఎవరూ జారిపడకుండా మిద్దెకు పిట్టగోడ కట్టాలంటుంది. జీవకారుణ్యం, ఇంటి భద్రత ఒకదాని పక్కన ఒకటి! 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు తమ 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ గూటి నియమాన్నే గుర్తు చేశారు.

ఆ ఇంటివారు మాట విన్నారు. పది వారాల ప్రాంతంలో పిల్లలు పాలు మానతాయి. అప్పటిదాకా ఆ మూల కరెంటు ఆపి ఉంచుతారు. తర్వాత పగటిపూట, గూడు ఖాళీ అని చూసుకుని కన్నానికి ఇనుప వల బిగిస్తారు, పెంకుల మీదికి వంగిన మామిడికొమ్మ నరికిస్తారు. చాలా సంతోషం.

అయితే అటక ఎందుకు దులుపుతున్నారో అప్పుడు తెలిసింది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. నలుగురు బిడ్డలు, నాలుగు ఊళ్లు. ఎనభై దాటిన తల్లి ఎవరి దగ్గర మూడేసి నెలలు ఉండాలో వంతులు వేస్తున్నారు. ఆమె మండువాలో మంచం మీద కూర్చుని జపమాల చెప్పుకుంటోంది. "మీకెక్కడ ఉండాలనుంది అమ్మా?" అన్నాను. "నన్నెవరూ అడగలేదు ఫాదర్ గారూ" అంది.

మూగజీవాలపై జాలి అలవడితే మనిషి తోటివారిపై జాలి చూపడానికి మరింత సిద్ధపడతాడని పునీత థామస్ అక్వీనాసు ఈ గూటి నియమాన్ని వివరిస్తూ రాశారు. సెమినరీలో ఎంతో ఇష్టంగా చదువుకున్న మాట అది. కానీ అటక నుంచి మండువాలోకి ఆ జాలి దానంతట అది దిగిరావడం నేను చూడలేదు. ఎవరో ఒకరు నిచ్చెన దిగి వచ్చి ఆ మంచం పక్కన కూర్చోవాలి. మీ ఇంట్లో అలాంటి తల్లి ఉంటే, ఈ క్రిస్మసుకు వచ్చినప్పుడు బేరం కుదరకముందే ఆమెను అడగండి. ఆమె చెప్పేది మీకు వీలు కాకపోవచ్చు. అయినా అడగండి.

మొన్న ఆ ఇంటి పెద్దకొడుకు గుడికి వచ్చాడు. ఉడుత పిల్లలు కళ్లు తెరిచాయని చెప్పాడు. అమ్మను అడిగావా అంటే, ఆదివారం చెల్లెలు కూడా వస్తుంది, అందరం కూర్చుని అడుగుతాం అన్నాడు.