ఎరవుసొమ్ము

అసూయ లేమికి పుట్టిన బిడ్డ యని లోకము తలచును. పేదవాడు ధనికుని మేడను చూచి నిట్టూర్చినచో, ఆ నిట్టూర్పులో న్యాయమునకై మొర కొంత యుండును. దానిని అసూయ యని త్రోసివేయుట కలవారికి సులభము. అసలైన అసూయ కలిమిగల యిండ్లలో, ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను పిల్లల నడుమ పెరుగును. వయస్సునందును, ప్రతిష్ఠయందును తమకు దగ్గరగా నున్నవారినే మనుష్యులు ఓర్వలేరని అరిస్టాటిల్ తన వక్తృత్వశాస్త్ర గ్రంథమున వివరించెను. మన అమరసింహుడు మరియొక సూక్ష్మభేదము చూపెను. ఓర్వలేమి ఈర్ష్య, ఎదుటివాని గుణమునకే దోషము నంటగట్టుట అసూయ. మొదటిది మనస్సున దాగియుండగలదు, రెండవది మాటగా వెలువడును. తరగతిలో ప్రథముడైన బాలుని గూర్చి "వానిది వట్టి బట్టీ చదువు" అనియు, "వాని తండ్రికి పెద్దల అండ యున్నది" అనియు తోటివారు చెప్పుకొనునది ఈ రెండవ దానినుండియే.

దీనిని పరిశీలింపగోరువారికి జంషెడ్‌పూర్ వంటి నగరము మరియొకటి దొరకుట కష్టము. సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమమునకు చేరువన సాక్చి యను గ్రామ ముండెడిది. 1907లో స్థాపింపబడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ అక్కడ కర్మాగారము నిర్మించి, 1912లో ఉక్కు తీసెను. 1919లో చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ యూరికి జంషెట్జీ పేరు పెట్టెను. పంజాబు, వంగ, ఉత్కళ దేశములనుండియు, మన శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండియు జనులు వచ్చి చేరిరి. పాత యూళ్లలో కులమును బట్టి వీధులు ఏర్పడినట్లు, ఇక్కడ ఉద్యోగపు మెట్టును బట్టి ఇండ్లు ఏర్పడినవి. తోటివాని క్వార్టరు ఏ వీధిలోనిదో తెలిసినంతనే, వాని తండ్రి హోదా యెంతటిదో పదేండ్ల పిల్లవాడు సైతము పోల్చుకొనగలడు.

ఇంతవరకు ఇది గర్వమునకు కారణము. భయమునకు కారణము వేరొకటి కలదు. చెట్లనీడనున్న ఆ బంగళా తండ్రిది కాదు. ఉద్యోగవిరమణతో తాళపుచెవులు తిరిగి యిచ్చివేయవలసినదే. ఎరవుసొమ్ము బరువుచేటన్న సామెత నగలు పెట్టుకొన్నవారిని గూర్చి పుట్టినదైనను, ఇండ్లకును వర్తించును. ఆ మాటకు వచ్చినచో, నగరము నిలిచిన నేల సైతము ప్రభుత్వము కంపెనీకి కౌలుకిచ్చినదే. 1996 నుండి 30 ఏండ్లకు లెక్కించి 2005లో ఆ కౌలు పునరుద్ధరింపబడెను.

జమీందారు కుమారుడు చదువకున్నను జమీందారే. వర్తకుని కుమారునకు అంగడి మిగులును. కంపెనీ యధికారి కుమారునకు మిగులునవి ఇంగ్లీషు మాటలు, కొన్ని అలవాట్లు, పరీక్షలో వచ్చిన మార్కులు. పూర్వము ఉద్యోగుల బిడ్డలకు కర్మాగారముననే కొలువు దొరకునను ఆశ యుండెడిది. 1990 దశకపు తొలినాళ్లలో 75 వేలకు మించిన కంపెనీ ఉద్యోగులు 2005 నాటికి 40 వేలకు లోబడగా, ఆ యాశయు సడలెను. తండ్రి నిలిచిన మెట్టుపై నిలుచుటకే కుమారుడు మరల క్రిందినుండి ఎక్కవలెను. 1951లో సమీపముననే ఖరగ్‌పూర్‌లో వెలసిన ఐ.ఐ.టి.లో చోటు దొరకినచో ఎక్కినట్లు, లేనిచో లేదు. అట్టివానికి తోటివాని మార్కులు తన యింటిగోడకు పడిన బీటవలె కనిపించును.

ఆదిపర్వములో ద్రోణుని కొలువునందు ఈ కథయే నడచినది. గురువు తన కుమారునకు వెడల్పుమూతి కుండయు, తక్కినవారికి సన్నమూతి కమండలువులును ఇచ్చి నీటికి పంపెడివాడు. ముందుగా తిరిగివచ్చిన అశ్వత్థామకు ఏకాంతమున విశేషవిద్యలు నేర్పెడివాడు. అర్జునుడు అది గ్రహించి, వారుణాస్త్రముతో తన పాత్రము నింపుకొని అతనితో సమముగా రాసాగెను. గురువు పక్షపాతము మాట యటుంచినచో, ఈ పోటీ ముచ్చటగనే యున్నది. ఏకలవ్యుడు కనబడిన తరువాత దాని రంగు మారెను. రాజకుమారుడైన అర్జునునకు అడవిలోని నిషాదుని చూచి కలతపడవలసిన కొరత ఏమున్నది? తనను మించిన శిష్యుడుండడని గురువు మాట యిచ్చియుండెను. అతని ప్రథమస్థానము ఆ మాటపై నిలిచియున్నది. ఒకరి మాటపై నిలిచినదియు ఎరవుసొమ్మే.

అర్జునునకు కలిగిన కలత తప్పని చెప్పుట కష్టము. మనస్సులో పుట్టుదానికి ఎవరు కావలి యుండగలరు? కాని అతడు ఆ కలతను గురువు చెవిని వేసెను. అక్కడినుండి అది అతని కార్యము. తెగినది మాత్రము పోటీలో పేరైనను లేనివాని బొటనవ్రేలు. సాక్చి చుట్టుపట్ల సంతాల్, హో, భూమిజ్ కుటుంబముల బిడ్డలు ఎందరో నేటికిని బంగళాల పిల్లల పందెమునకు వెలుపలనే యున్నారు. వారిని చూచి ఆ పిల్లలు అసూయపడరు. వారిని లెక్కించుటయే లేదు గదా!

భయము అసూయకు కారణమును చూపునే గాని, దానిని క్షమింపజాలదు. అయినను నింద యంతయు బాలునిపై మోపుట న్యాయము కాదు. తోటివానిని కొలబద్దగా వాడుకొనుట అతడు పాఠశాలకంటె ముందు ఇంటనే నేర్చెను. పరీక్షాఫలితములు వచ్చిన సాయంకాలము తండ్రి మార్కుల కాగితమును పైకి క్రిందికి చూచి, "ఎదురింటి వానికెన్ని?" యని యడుగును. బాలుడు తడుముకొనకుండ చెప్పును.