ఎదురుచూడటం తప్పా? ఒక మడత చాకు, శబరి, మా ఆత్మకూరు

పోయిన వీడియోలో అపరిగ్రహం గురించి మాట్లాడుకున్నాం. పతంజలి చెప్పిన ఐదు యమాల్లో అది చివరిది. అవసరానికి మించి పోగేసుకోకపోవడం. అది విన్నాక ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. "అంటే హాబీలే ఉండకూడదా? పెన్నులు, షూస్, కీబోర్డులు ఇష్టంగా కొనుక్కోవడం కూడా తప్పేనా?" దీనికి జవాబు చెప్పాలంటే ముందు నా టేబుల్ సొరుగు తెరవాలి.

అందులో పదకొండు మడత చాకులున్నాయి. పాతకాలం పద్ధతివి. బ్లేడుకి లాక్ ఉండదు, వెనకాల ఉన్న స్ప్రింగు ఒత్తిడితోనే నిలబడుతుంది. ఒక్కో నమూనాకి ఒక్కో పేరు. బార్లో, స్టాక్‌మన్, ట్రాపర్. పశువులు మేపేవాళ్ల కోసం ఒకటి, వేటగాళ్ల కోసం ఒకటి, ఇలా ప్రతిదీ ఏదో ఒక పని కోసం పుట్టిందే. కేస్ కంపెనీ చాకు మీద 6254 అని ఉంటే, 6 అంటే ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడులు, 54 అంటే ట్రాపర్ నమూనా. నాలాంటి కోడ్ రాసేవాడికి ఇది చాలు, పడిపోడానికి!

2006లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ అయితే ఒక నమూనాని కొన్ని మాత్రమే చేసి పక్కన పెట్టేస్తుంది. మళ్లీ ఎప్పుడు చేస్తారో తెలీదు. అందుకే కొత్త నమూనా వస్తోందంటే కలెక్టర్లకి నిద్ర పట్టదు. నేనూ అంతే. వారాల తరబడి ఫొటోలు చూస్తా. అమ్మకం మొదలయ్యే టైముకి అర్ధరాత్రి అలారం పెట్టుకుంటా. దొరికితే డాలస్‌లో ఉన్న ఫ్రెండ్ అడ్రస్‌కి తెప్పించి, వాడు ఇండియా వచ్చేదాకా ఆగుతా. చేతికొచ్చాక సంతోషం ఎన్ని రోజులు? నిజం చెప్పాలంటే నాలుగు రోజులు. ఐదో రోజు నుంచి తర్వాతది ఏంటా అని వెతుకులాట.

ఒకసారి సరిగ్గా అమ్మకం మొదలైన నిమిషంలో అమ్మ ఫోన్ చేసింది. కట్ చేశా. చాకు ఎలాగూ దొరకలేదు. పొద్దున అమ్మ మళ్లీ చేస్తే ఆ కోపం ఆమె మీద చూపించా. విషయాన్నే తలుచుకుంటూ ఉంటే సంగం, సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం పుడతాయని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్తాడు. ఆ వరుస అంతా నాకు ఒక్క రాత్రిలో అయిపోయింది.

కానీ అసలు దెబ్బ తగిలింది ఉగాదికి ఊరెళ్లినప్పుడు.

మాది ఆత్మకూరు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఉగాది ముందు కన్నడ భక్తులు మల్లన్న దర్శనానికి నడుచుకుంటూ మా ఊరి మీదుగానే వెళ్తారు. వెంకటాపురం దాటి నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా శ్రీశైలం చేరతారు. దారిపొడుగునా మజ్జిగ, నీళ్లు, అన్నం పెట్టేవాళ్లుంటారు. ఆరోజు మా తాత నిమ్మకాయలు కోస్తుంటే నేను గ్లాసులు అందిస్తున్నా. జేబులో కొత్త చాకు. అడవి దారిలో ఫొటో తీసుకుందామని తెచ్చుకున్నా.

ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. మడమలు బొబ్బలెక్కి ఉన్నాయి. తుండుగుడ్డ చింపి కాళ్లకి కట్టుకోవాలనుకున్నాడు, అంచు దగ్గర చిరగట్లేదు. నన్ను చూసి "చాకు ఇదెయా?" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి కన్నడ రానక్కర్లేదు.

"లేదు" అన్నా.

ఎందుకన్నానో ఆ క్షణంలోనే తెలుసు. ఒక్కసారి వాడితే అది కొత్తది కాదు. కార్బన్ స్టీలు, చెయ్యి తడి తగిలినా మచ్చ పడుతుంది. తాత అది విని, లేచొచ్చి, తన చాకుతో అంచు కోసి ఇచ్చాడు.

తాత చాకు చూస్తే మీకు నవ్వొస్తుంది. పిడి రెండుసార్లు మార్చాడు. సాన పట్టీ పట్టీ బ్లేడు సన్నబడిపోయింది. వేపపుల్లలు, పగ్గాలు, కలింగర కాయలు, అన్నీ దాంతోనే. రాత్రి నా చాకు చూపించమన్నాడు. తిప్పి తిప్పి చూసి, "బాగుందిరా. దీంతో ఏం కోసినావు?" అన్నాడు.

"ఏం కోయలేదు తాతా."

"కోసేదానికి కాకపోతే ఇది కత్తి ఎట్లైతాదిరా?"

ఆ రాత్రి నాకు శబరి గుర్తొచ్చింది. ఆమె కూడా ఎదురుచూసింది కదా? నాకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆమె కూడా పోగేసింది. పంపా తీరంలో దొరికే అడవి ఆహారాన్ని నీ కోసమే సేకరించి ఉంచానని రాముడితో చెప్తుంది, వాల్మీకి రామాయణంలోనే. మరి ఆమెది తపస్సు, నాది జబ్బు ఎందుకయ్యాయి?

ఆమె రాముడి కోసం చూసింది, నేను వస్తువు కోసం చూశానని చెప్పేయడం సులువు. కానీ అంతటితో సరిపోదు. పన్నెండు జ్యోతిర్లింగాల్లో నాకు 'ఎన్ని అయ్యాయి' అని లెక్కేసుకున్నప్పుడు, దేవుణ్ని కూడా సొరుగులో పెట్టుకోబోయా. కాబట్టి తేడా దేనికోసం అన్నదాంట్లో మాత్రమే లేదు. శబరి తను పోగేసింది రేపు ఇంకొకరి చేతిలో పెట్టడానికి పోగేసింది. ఆ ఎదురుచూపు వల్ల ఆమెకి ఈరోజు చెయ్యాల్సిన పని దొరికింది. నా ఎదురుచూపు ఈరోజుని తినేసింది. అమ్మ ఫోన్ని, ఆ పెద్దాయన కాళ్లని నాకు కనపడకుండా చేసింది.

అందుకే అడిగినవాళ్లకి నా జవాబు ఇది. హాబీ వదిలెయ్యక్కర్లేదు. నేనూ వదల్లేదు, కొత్త నమూనా ఫొటోలు ఇప్పటికీ చూస్తున్నా. కానీ ఏదైనా కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటున్నా. ఎవరైనా అడిగితే దీన్ని జేబులోంచి తీస్తానా? దీని కోసం ఎదురుచూస్తున్నప్పుడు నా పక్కనున్న మనిషి నాకు కనపడుతున్నాడా? రెండిటికీ అవునని రాకపోతే ట్యాబ్ మూసేస్తున్నా.

మర్నాడు పొద్దున ఆ కొత్త చాకుతోనే తాత పక్కన కూర్చుని నిమ్మకాయలు కోశా. బ్లేడు మీద బూడిద రంగు మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ పెద్దాయన అప్పటికే అడవిలోకి వెళ్లిపోయాడు. ఆయనకి చెప్పిన 'లేదు' మాత్రం నేను వెనక్కి తీసుకోలేను.

ఓం నమః శివాయ.