ఫాతిమా ఎవరి పేరు?

నా స్నేహితురాలిది కాజీపేట. అక్కడ ఫాతిమా మాత కెథెడ్రల్ ఉంది, దాని పేరు మీదే ఫాతిమా నగర్ ఉంది. వాళ్లమ్మ ఆ గుడిలోనే మొక్కుకుని కూతురికి ఫాతిమా అని పెట్టుకుంది. హైదరాబాదులో ఇల్లు వెతుక్కునేటప్పుడు, ఫోన్లో పేరు చెప్పగానే అవతల ఒక్క క్షణం మౌనం. "సారీ అమ్మా, నిన్ననే ఇచ్చేశాం." మూడోసారీ అలాగే అయ్యాక, నాలుగో ఆయన అడక్కముందే చెప్పేసింది: "అంకుల్, మేం క్రిస్టియన్స్." ఇల్లు దొరికింది. ఆ రాత్రి సామాన్లు సర్దుతూ, "నేను అబద్ధమేం చెప్పలేదుగా?" అంది.

చెప్పలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ పేరు కాజీపేట దాకా వచ్చిన దారి చిత్రమైంది. అరబీలో దాని మూలం, పిల్లలకి పాలు మాన్పించడం అనే అర్థమున్న ధాతువు. ప్రవక్త ముహమ్మద్ కూతురి పేరు. పోర్చుగల్లో ఒక పల్లెకి అదే పేరు. బందీగా చిక్కి, మతం మారి, క్రైస్తవ వీరుణ్ని పెళ్లాడిన ఒక ముస్లిం రాకుమారి పేరని ఐతిహ్యం. 1496లో రాజు మనుయెల్ యూదుల్నీ ముస్లింల్నీ దేశం విడిచి పొమ్మన్నాడు. మనుషులు పోవాల్సొచ్చింది, ఊరి పేరు మిగిలింది. (ఊళ్ల పేర్లు మార్చే ఉత్సాహం ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగొచ్చు.)

1917 మే 13న ఆ ఊరి దగ్గర గొర్రెలు కాసుకునే ముగ్గురు పిల్లలు తమకి మేరీమాత కనిపించిందన్నారు. ఆ తర్వాత అక్కడి ఆడపిల్లలకి 'మరియా దె ఫాతిమా' అని పెట్టడం మొదలైంది. అంటే ఫాతిమా ఊరి మరియ. గత శతాబ్దం మధ్యలో పోర్చుగల్లో ఎక్కడ చూసినా ఆ పేరే. ఇప్పుడు మన విజయలక్ష్మిల్లాగే పెద్దమ్మల పేరైపోయింది.

"మాది ఊరి పేరు, వాళ్లది మనిషి పేరు" అంటుంది నా స్నేహితురాలు. ఊరికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకీ తెలుసు. అయినా తన మాట కొట్టెయ్యలేను. పేరుకి అర్థం నిఘంటువులోనే ఉండదు, పెట్టినవాళ్ల మనసులో కూడా ఉంటుంది. వాళ్లమ్మ తల్చుకున్నది మేరీమాతనే.

నాకు గుచ్చుకునేది వేరే. "మేం వాళ్లం కాదు" అన్నప్పుడు, అయితే తప్పే అన్న ఇంటాయన లెక్కని మనమూ ఒప్పుకున్నట్టే కదా? అదే రోజు అదే ఇంటి కోసం ఇంకో ఫాతిమా ఫోన్ చేసుంటే, ఆమె దగ్గర చెప్పుకోడానికి ఈ మాట లేదు. అలాగని నిజం దాచుకుని రోడ్డు మీద నిలబడమని నా స్నేహితురాలికి చెప్పే హక్కు నాకెక్కడిది? నా పేరు విని ఇప్పటిదాకా ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

మొన్న ఇంటాయనే వచ్చి, "గేటు మీద మరియా ఫాతిమా అని రాయించుకో అమ్మా, ఎవరైనా అడిగితే ఇబ్బందుండదు" అన్నాడట. మంచిగానే అన్నాడు. తను ఇంకా ఏదీ రాయించలేదు.