ఇరుసు పలుకు

సైనిక్‌పురిలో ఒక గృహస్థు జీవనోపాధికై అప్పు చేసి క్రొత్త పికప్ బండిని కొనెను. నాచారము పారిశ్రామికవాడనుండి ఉప్పల్ వైపునకు సరకు చేరవేయుట అతని వృత్తి. బండి చేతికి వచ్చిన వెంటనే కుటుంబముతో యాదగిరిగుట్టకు పోయి, శ్రీ లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో వాహనపూజ చేయించెను. చక్రముల క్రింద నిమ్మకాయలు ఉంచినది అతని యిల్లాలు. బండి కదలగానే మూడు నలిగినవి. వెనుక ఎడమ చక్రము క్రిందిది మాత్రము నలుగక ప్రక్కకు జారిపోయినది. ఆనాడు ఎవరును దానిని పట్టించుకొనలేదు.

పక్షము దినములు గడచిన పిమ్మట ఒక వింత చప్పుడు మొదలయ్యెను. ఒకనాడు వినబడును, ఒకనాడు వినబడదు. కొన్ని వేళల ప్రతి మలుపునను కిఱ్ఱుమని ప్రాణము తీయును. తెల్లవాఱి మరమ్మతు చేయువాని యొద్దకు తీసికొనిపోగా, పరీక్షకు భయపడిన విద్యార్థివలె బండి నోరు మెదపదు. మూడు మారులు చూపించెను. మూడు మారులును "చప్పుడేమియు లేదు, మీ భ్రమ" యని పంపివేసిరి. వెలుపలికి వచ్చి నాలుగు దినములు తిరుగకమునుపే మరల అదే మొఱ. క్రొత్త బండి, నెలనెలా కట్టవలసిన వాయిదా, త్రోవ నడుమ నేమగునో యను భయము! అతనికి నిద్ర పట్టుట మానెను.

చప్పుడు వచ్చునది వెనుక ఎడమ చక్రము వైపునుండి యని తెలిసిన నాడు ఇంట మఱియొక చప్పుడు బయలుదేరెను. నిమ్మకాయ జారినది ఆ చక్రము క్రిందనే గదా! కోడలు వంకరగా పెట్టుటచేతనే అపశకునమైనదని అత్తగారు అనెను. గృహస్థు అవునని అనలేదు, కాదనియు అనలేదు. భార్యతో మాటాడుట తగ్గించెను. ఇరుగుపొరుగులలో ఒకరు శాంతి చేయింపుమనిరి. మఱియొకరు వచ్చిన ధరకు అమ్మివేయుమనిరి.

బండి యిరుసు కిఱ్ఱుమనుట వేదమునకు చిన్నవిషయము కాదు. సోమయాగమున హవిర్ధానములను రెండు బండ్లు కలవు. వానిని కదలించు సందర్భమున తైత్తిరీయ సంహిత ఆఱవ కాండము ఇరుసును గూర్చి ఒక అపూర్వమైన మాట చెప్పుచున్నది. ఇరుసు ఇరుప్రక్కల బంధింపబడినది. పాశము వరుణునిది. కావున ఇరుసు చెడుపలుకు గల వరుణుడే. అది మొఱసినచో ఆ పలుకు యజమానుని గృహమునకే తగులును. దానికి పరిహారమేమి? ఇంటికి మంచిమాట పలుకుమని ఆ దేవుని ప్రార్థింపవలెను. ఇరుసునకు పూత పూయవలెను. ఆ పూత పూయవలసినది యజమానుని పత్ని. ఋత్విక్కులు పదాఱుగురు అక్కడ నుండగా ఆమెయే యేల? పత్ని అందఱికిని మిత్రము గనుక, మైత్రి కలుగుటకై ఆమెయే పూయవలెనని శ్రుతి కారణమును కూడ చెప్పినది. అయిదవ కాండమున అగ్నిని బండిపై కొనిపోవు ఘట్టమందును, బండి మొఱసినచో రాక్షసులు యజ్ఞమును పట్టుకొందురని చెప్పి తగిన మంత్రమును విధించినది.

కావున అత్తగారి భయమునకు శ్రుతిలోనే చోటున్నది. దానిని చూచి నవ్వరాదు. ఐతే దోషమెవరిదని శ్రుతి వెదకలేదు. ఇరుసు చెక్కిన వడ్రంగిని నిందింపలేదు, బండి తోలువానిని నిందింపలేదు. మంత్రము చాలునని పూతను మానలేదు. పూత చాలునని మంత్రమును మానలేదు. ఏ చేతిని మిత్రమని వేదము పిలిచినదో ఆ చేతినే ఈ యింట అపరాధి యనిరి.

ఉపనిషత్తునకును ఈ ధ్వని పరిచితమే. బరువెక్కిన బండి కిఱ్ఱుమనుచు పోవునట్లు, అంత్యకాలమున జీవుడు ప్రాజ్ఞాత్మచే అధిష్ఠింపబడి మూలుగుచు పోవునని బృహదారణ్యకము చెప్పుచున్నది. శ్రీభాష్యకారులు జీవపరమాత్మలకు భేదము చెప్పునప్పుడు ఈ ప్రకరణమును గ్రహించిరి. ఇక సారథియైన స్వామి నడవడి చూడుడు. సైంధవవధ జరిగిన దినమున గుఱ్ఱములు బాణములు నాటి అలసిపోగా, శ్రీకృష్ణుడు యుద్ధమధ్యమున వానిని విప్పి, బాణములను లాగివేసి, స్వహస్తములతో ఒడలు నిమిరి, నీరు త్రాగించి మరల రథమునకు పూన్చెను. సూర్యుడు అస్తమించులోపల ప్రతిజ్ఞ నెఱవేఱవలసియున్నను, మూగజీవుల బాధకు వెచ్చించిన కాలము వ్యర్థమని తలపలేదు.

సైనిక్‌పురి పేరే చెప్పుచున్నట్లు అక్కడ సైన్యమునుండి విరమించినవారు పలువురు. సైనికవాహనములను నడిపిన ఒక వృద్ధుడు ఈ సంగతి విని ఆ యింటికి వచ్చెను. ఆయన బండిని తాకకయే ఒక ప్రశ్న వేసెను: "ఎప్పుడు వస్తుందో తరువాత చెప్పండి. ఎప్పుడు రాదో ముందు చెప్పండి." గృహస్థునకు తోచలేదు. వంటయింటి కిటికీనుండి బండి రాకపోకలను రోజును వినుచున్న యిల్లాలు సమాధానము చెప్పెను. వాన కురిసిన దినమున రాదు. బండి కడిగిన పూట రాదు. ఎండ కాసిన మధ్యాహ్నము బరువుతో సందు మలుపు తిరుగునప్పుడు తప్పక వచ్చును. మరమ్మతునకు తీసికొనిపోయిన మూడు మారులును ముందునాటి రాత్రి వాన పడినదట!

లక్షణములు మఱుగుపడిన వ్యాధిని, దేనిచే ఉపశమించునో దేనిచే హెచ్చునో చూచి తెలిసికొనవలెనని చరకుడు విమానస్థానమున చెప్పినాడు. వృద్ధుడు చరకము చదివెనో లేదో, చేసినది అదియే. బరువెక్కించిన బండిని మలుపు త్రిప్పించి, చప్పుడు విని, చెంబెడు నీరు తెప్పించి, వెనుక ఎడమవైపు కమాను పట్టీ చట్రమునకు తగులుకొను పిన్నుపై పోసెను. మరల త్రిప్పింపగా బండి నిశ్శబ్దము. నీరు ఆరిన పిమ్మట మరల మొఱ. ఆ యొక్క చోట గ్రీజు పెట్టుట మఱచిరి. పొడిగా నున్న ఇనుము ఒరసికొనుచున్నది, తడిసిన పూట ఊరకున్నది. మఱునాడు ఆ పిన్నును విప్పించి, అరుగుదల లేదని చూచి, గ్రీజు నింపించిరి. డబ్బా పట్టుకొని దగ్గఱ నిలిచినది ఇల్లాలే.

ఆ రాత్రి గృహస్థు భార్యను పిలిచి, తాను మౌనముగా నున్నందులకు క్షమింపుమనెను. శనివారమున గుట్టకు ప్రయాణమగునప్పుడు, నిమ్మకాయలు తీసికొనవలెనా యని కోడలు అడుగగా, అత్తగారు ఆమె చేతిలో పూలసజ్జ పెట్టి, "నిమ్మకాయలెందుకమ్మా, స్వామికి తులసిమాల కట్టు" అనెను.