కానుక అక్కడే ఉంచి



మత్తయి సువార్తలో కొండమీది ప్రసంగం మధ్య ఒక చిన్న దృశ్యం వస్తుంది. ఒకడు కానుక పట్టుకొని బలిపీఠం దాకా వచ్చాడు. తీరా అక్కడ నిలబడ్డాక, తన సోదరునికి తనమీద మనస్పర్థ ఉందని గుర్తుకొచ్చింది. అప్పుడేం చేయాలి? కానుకను బలిపీఠం ముందే ఉంచి, మొదట వెళ్లి అతనితో రాజీపడి, ఆ తర్వాత వచ్చి అర్పించాలని ప్రభువు చెప్పాడు (మత్త 5,23-24). రెండే వచనాలు. ఏటా తపస్కాలం మొదటి వారం శుక్రవారంనాడు పూజలో వీటిని వింటాం.

వింటున్నప్పుడు మనకు ఎవరు గుర్తుకొస్తారు? సాధారణంగా మనకు కీడు చేసినవాళ్లు. "సరే, వాణ్ణి నేను క్షమించాలి కాబోలు" అనుకుంటాం. కాని వచనాన్ని నిదానంగా మళ్లీ చదవండి. నీకు అతనిమీద కోపమా అని ఇక్కడ ప్రభువు అడగడం లేదు. అతనికి నీమీద ఏమైనా ఉందా అని అడుగుతున్నాడు. మనకు జరిగిన అన్యాయాలు ఎవరూ అడక్కుండానే మనకు గుర్తుంటాయి. ఏ పండుగనాడు ఎవరు ఏమన్నారో పొల్లు పోకుండా చెప్పగలం. మనవల్ల ఇతరులకు జరిగినవి మాత్రం ప్రయత్నపూర్వకంగా గుర్తుచేసుకోవాలి. అందుకే సువార్తలో గుర్తుకు రావడమనే మాట పడింది.

మరి తప్పు అవతలివాడిదే అయితే? అప్పుడైనా ఇంట్లో కూర్చోవచ్చు కదా అనిపిస్తుంది. అదే సువార్త పద్దెనిమిదో అధ్యాయం చూడండి. నీ సోదరుడు నీకు అపరాధం చేసినా నువ్వే వెళ్లి ఒంటరిగా అతనితో మాట్లాడాలట (మత్త 18,15). ఈ రెండు మాటలనూ ఇద్దరు అన్నదమ్ములు ఒకేరోజున పాటిస్తే వాళ్లు దారిలోనే ఎదురుపడాలి!

ఈ మాటలు ప్రభువు గలిలీయలో చెప్పాడు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. కఫర్నాము నుండి అక్కడికి నూరు కిలోమీటర్లకు పైమాటే. కాలినడకన మూడు నాలుగు రోజుల ప్రయాణం. గొర్రెపిల్లనో, పావురాల జతనో తీసుకొని దేవాలయం చేరి, తన వంతు వచ్చిన తర్వాత దాన్ని అక్కడే విడిచి ఊరికి పోవాలి, రాజీపడి మళ్లీ రావాలి. వారం రోజులకు పైగా పట్టే పని. విన్నవాళ్లు మొదట నవ్వుకొనే ఉంటారు. కాని ఆలోచించినవాళ్లకు లేవీయకాండం గుర్తుకొచ్చి ఉంటుంది. పొరుగువాని సొత్తు మోసంతో కాజేసినవాడు, అపరాధ పరిహారబలి అర్పించేనాడు అసలుతోపాటు ఐదోవంతు కలిపి సొంతదారుకు ముట్టజెప్పాలని ధర్మశాస్త్రం ఏనాడో విధించింది. సొమ్ము విషయంలో ఉన్న ఆ నియమాన్ని క్రీస్తు నాలుకకూ కోపానికీ కూడా వర్తింపజేశాడు. దీనికి ముందు వచనంలో ఆయన చెప్పింది తోటివాణ్ణి అవమానించి తిట్టేవాని గురించే.

మన ఊళ్లలో ఒక మాట ఉంది: "వాళ్లకూ మాకూ మాటల్లేవు." ఎంత మామూలుగా అంటామో చూడండి, చుట్టరికం చెప్పినట్టే చెబుతాం. కారణం అడిగితే చేను గట్టు జానెడు జరిగిందంటారు. అమ్మ గాజులు పెద్దకోడలికే పోయాయంటారు. నాన్న ఆస్పత్రి ఖర్చు ఒక్కడే భరించాడంటారు. పెళ్లిపత్రిక స్వయంగా తెచ్చి ఇవ్వక మనిషిచేత పంపారని పదేళ్లుగా గడప తొక్కనివారు కూడా ఉంటారు. అయినా అందరిదీ ఒకే విచారణ. ఆదివారం ఒకే పూజకు వస్తారు. ఒకరు మరియమాత స్వరూపం దగ్గర, మరొకరు తలుపు దగ్గర కూర్చుంటారు. దివ్యసత్ప్రసాదానికి రెండు వరుసల్లో నడిచి, ఒకే రొట్టెలో భాగం పొంది, ఒకరినొకరు చూడకుండా ఇంటికి వెళతారు. వీళ్ల పిల్లలు మాత్రం సత్యోపదేశం తరగతిలో పక్కపక్కనే కూర్చుంటారు. పెదనాన్న ఎదురైతే తల వంచుకొని పోవాలని వాళ్లకు తెలుసు. ఈ పాఠం సత్యోపదేశం పుస్తకంలో లేదు. మనం ఇంట్లో నేర్పిందే.

"నేను పాపసంకీర్తనం చేశాను కదా" అంటారు కొందరు. మంచిదే. కాని మనం గురువు ముందు మోకరించినంత మాత్రాన గట్టు వెనక్కి జరగదు. జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకిస్తాననీ, మోసంతో తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తాననీ నిలబడి చెప్పాడు (లూకా 19,8). అతడు నోటితో పలికిన పశ్చాత్తాపం లెక్కల్లో కూడా కనిపించింది.

"నేను పెద్దవాణ్ణి, వాడే రావాలి" అనేది మనలో ఇంకా గట్టిగా నాటుకున్న మాట. ఇక్కడ యాకోబు ఏసావుల కథ చదవాలి. తమ్ముడు అన్నను మోసగించి, తండ్రి దీవెన దొంగిలించి పారిపోయాడు. ఏళ్ల తర్వాత తిరిగి వస్తూ ఏడుసార్లు నేలకు వంగి నమస్కరించాడు. అక్కడివరకూ మనకు నచ్చుతుంది, తమ్ముడు అలాగే రావాలి మరి. కాని ఆ నమస్కారాలు లెక్కపెడుతూ ఏసావు నిలబడలేదు. పెద్దవాడై ఉండికూడా, మోసపోయినవాడై ఉండికూడా, పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకొని ఏడ్చాడు (ఆది 33,3-4). మనం ఏసావును కూటికోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడిగానే గుర్తుపెట్టుకున్నాం. ఈ పరుగును కూడా గుర్తుపెట్టుకొంటే బాగుండేది.

మన దివ్యపూజలో ఈ వాక్యానికి ఒక స్థానం ఉంది. క్రీస్తుశకం 150 ప్రాంతంలో వేదసాక్షి పునీత జస్టిన్ వ్రాసినదాన్నిబట్టి, ఆనాటి విశ్వాసులు ప్రార్థనలు ముగిశాక, రొట్టె, ద్రాక్షరసం తేకముందే ఒకరికొకరు శాంతి ముద్దు పెట్టుకొనేవారు. కానుకకు ముందే రాజీ అన్నమాట. రోమను పూజలో ఇది సత్ప్రసాదానికి ముందు వస్తుంది. దాన్ని కానుకల సమర్పణకు ముందుకు మార్చడం గురించి ఆలోచించాలని 2007లో పదహారవ బెనెడిక్ట్ పోపుగారు సూచించారు. 2014లో రోములోని దివ్యారాధన శాఖ దాన్ని ఉన్నచోటనే ఉంచింది. స్థానం వదిలి తిరగడం వద్దని కూడా చెప్పింది. మన దేశంలో 1969లో లభించిన అనుమతివల్ల చేతులు జోడించి శాంతి చెప్పుకోవడం మనకు అలవాటైంది. చక్కని పద్ధతి. కాని చుట్టూ ఉన్న నలుగురికి నమస్కరించి, ఐదో మనిషి దగ్గర కళ్లు దించుకోవడం కూడా మనకు అలవాటైంది. ఆ ఐదో మనిషికోసమే ఆ నమస్కారం పెట్టారని నా అభిప్రాయం. మిగతా నలుగురిని గుడి బయట ఎలాగూ పలకరిస్తాం.

ఒక విషయం మాత్రం తప్పక చెప్పాలి. ఈ వాక్యాన్ని బలహీనులమీద ప్రయోగించేవారు ఉన్నారు. తాగివచ్చి కొట్టే భర్త దగ్గరకు "సమాధానపడమ్మా" అని భార్యను పంపేవాళ్లు ఈ వచనాన్ని తప్పుగా చదివారు. ఇక్కడ నడిచి వెళ్లవలసింది ఎవరిమీద ఫిర్యాదు ఉందో వాడు, అంటే కొట్టినవాడు. ఆమె మనసులో పగ పెట్టుకోకపోవడం వేరు, దెబ్బలకు మళ్లీ ఒళ్లప్పగించడం వేరు. అలాగే కూలి ఎగ్గొట్టిన ఆసామి గుడిలో కూలివానికి నమస్కరిస్తే సరిపోదు. ఆ కూలిడబ్బులే దేవునికి మొరపెడుతున్నాయని యాకోబు లేఖ చెబుతుంది (యాకో 5,4). అవి ఇచ్చిన తర్వాతనే నమస్కారం.

వెళ్లినా అవతలివాడు తలుపు తీయకపోతే? సాధ్యమైనంతవరకు, మనవల్ల అయినంతవరకు అందరితో సమాధానంగా ఉండాలని పౌలు చెప్పాడు (రోమా 12,18). మనవల్ల కానిది కూడా ఉంటుందని ఆయనకు తెలుసు. బర్నబాతో ఆయన స్వయంగా తగవుపడి విడిపోయాడు (అపో.కా. 15,39). ఆ తగవు మార్కును వెంట తీసుకెళ్లే విషయంలో వచ్చింది. చెరసాలనుండి వ్రాసిన చివరి లేఖలో అదే మార్కును వెంటబెట్టుకొని రమ్మని పౌలు తిమోతిని అడిగాడు, అతడు తనకు ఉపయోగపడతాడట (2 తిమో 4,11). మధ్యలో ఏం జరిగిందో గ్రంథం చెప్పలేదు. ఎవరో ఒకరు వెళ్లి ఉంటారు.

అన్నిటికన్నా కష్టమైనది, వెళ్లవలసిన మనిషి చనిపోవడం. మాటలు లేకుండానే పోయిన అన్న పెట్టె వెంట నడిచిన తమ్ముళ్లు మన విచారణల్లో తక్కువమంది కాదు. నవంబరు 2న సమాధుల పండుగకు చూడండి. తాతగారి సమాధి దగ్గర ఒక కుటుంబం కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, వాళ్లు పక్కకు తప్పుకొనేదాకా రెండో కుటుంబం దూరంగా ఆగుతుంది. పూలు వేరు, ప్రార్థన వేరు, సమాధి ఒకటే. పోయినవారి ఆత్మకోసం పూజ పెట్టించండి, అది మన విశ్వాసం. కాని ఆయన కొడుకు అక్కడే దూరంగా నిలబడి ఉన్నాడు. వాడితో మాట్లాడడానికి పెద్దమనుషులు అక్కరలేదు. చిన్నప్పుడు పిలిచిన ముద్దుపేరుతో పిలవండి.