బాడీ స్కానర్, శరీర మర్యాద

విమానంలో వెళ్లే వందలమంది ప్రాణాల కోసం ఒక మనిషి ఒంటిని ఎంతవరకు పరికించవచ్చన్న ప్రశ్న 2010లో మతపెద్దల ముందుకు వచ్చింది. 2009 క్రిస్మస్ నాడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక ప్రయాణికుడు లోదుస్తుల్లో దాచిన పేలుడు పదార్థాన్ని అంటించబోయాడు. మెటల్ డిటెక్టర్‌కు అలాంటిది దొరకదు. దాంతో దుస్తుల చాటునున్న శరీరాన్ని చూపే స్కానర్లు అమెరికాలో వేగంగా పెరిగాయి.

2010 ఫిబ్రవరిలో ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల సంఘమైన ఉత్తర అమెరికా ఫిఖ్ కౌన్సిల్ ఈ యంత్రాలు ఇస్లాం చెప్పే శరీర మర్యాదకు విరుద్ధమని ప్రకటించి, ముస్లింలు వాటికి బదులు చేతి తనిఖీ కోరుకోవాలని సూచించింది. అదే నెలలో పోప్ 16వ బెనెడిక్ట్ విమానాశ్రయ ఉద్యోగులతో మాట్లాడుతూ ముప్పు ఉన్నా మనిషి గౌరవాన్ని మరవరాదన్నారు.

ప్రాణం ముందు సిగ్గు ఎంత అన్న వాదన తేలిగ్గా కొట్టేయదగినది కాదు. తప్పనిసరి అవసరంలో నిషేధాన్ని సడలించే సూత్రం ఇస్లామిక్ ధర్మశాస్త్రంలోనూ ఉంది. అయితే అవసరమని చెప్పాలంటే ఆ పద్ధతి నిజంగా పనిచేయాలి. యంత్రం పనితనం ఇక్కడ ధర్మ విచారణలో భాగమైపోతుంది.

రాపిస్కాన్ సెక్యూర్ 1000 అనే ఎక్స్‌రే స్కానర్‌ను కాలిఫోర్నియా (శాన్ డియేగో), మిషిగన్, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి 2014లో ఫలితాలు వెల్లడించారు. ఆ చిత్రంలో చర్మం తెల్లగా, లోహం నల్లగా, చుట్టూ ఉన్న ఖాళీ కూడా నల్లగా పడుతుంది. అందుకే ఒంటి పక్కగా కట్టుకున్న తుపాకీ ఆ నలుపులో కలిసిపోయింది. పొట్ట మీద పలచగా పరిచిన ప్లాస్టిక్ పేలుడు పదార్థపు నకలు చర్మంలో చర్మమైపోయింది. ప్రయాణికుల లజ్జను బలితీసుకున్నందుకు దక్కిన రక్షణ అంత తక్కువ. ఒంటి చిత్రం కనిపించకుండా చేయాలన్న చట్ట నిబంధనను అందుకోలేక ఆ యంత్రాలు 2013కే అమెరికా విమానాశ్రయాల నుంచి వెళ్లిపోయాయి.

తర్వాత మిగిలిన మిల్లీమీటర్ తరంగాల స్కానర్లు అందరికీ ఒకే బొమ్మ చూపి, అనుమానం ఉన్న చోట గుర్తు పెడతాయి. నగ్నత సమస్య తీరింది గానీ తప్పుడు అనుమానం అందరి మీదా సమానంగా పడదు. తలపాగా మడతలు, ఒత్తైన జడలు, కృత్రిమ అవయవాలు ఉన్నవారికి సోదా ఎక్కువ. దీనికి మంచి దారి లేకపోలేదు. అమెరికాలో సిక్కు ప్రయాణికుడు తన తలపాగాను తానే తడిమి, ఆ చేతులకు పేలుడు పదార్థాల పరీక్ష చేయించుకోవచ్చు.

పద్ధతి ఫలిస్తుందని చూపవలసిన బాధ్యత దాన్ని పెట్టిన ప్రభుత్వానిదే. అది చూపలేనంత కాలం మరో తనిఖీ కోరే హక్కు ప్రయాణికుడికి ఉండి తీరాలి.